లోపలి కంప్యూటర్‌కు బొట్టు

ఎలుకకేం తెలుసు, ఏది పనికొచ్చే అట్టో, ఏది పాత పేపరో! మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మునిరత్నం ఇంటి అటక మీద దూరి, చీరకు చిలకల అంచు నేసే అట్టల కట్టను తాపీగా సగం కొరికేసి పోయింది. మగ్గం మీద డిజైన్ తేల్చే జకార్డు చట్రంలో వేలాడే ఆ అట్టల చిల్లుల్ని బట్టే ఏ దారం లేవాలో, ఏది కింద ఉండాలో తేలుతుంది. అట్టలు పోతే అంచు పోయినట్టే.

అదేమీ మామూలు అంచు కాదండీ. మునిరత్నం వయసులో ఉన్నప్పుడు సొంతంగా కల్పించి గీసింది. చిలకలు వరసగా నడుస్తుంటాయి. ప్రతి చిలకా మెడ వెనక్కి తిప్పి, వస్తున్నావా లేదా అన్నట్టు తన వెనకున్నదాన్ని చూస్తుంటుంది. గుడుపల్లె పక్కన ఒక ఊళ్లో గంగమ్మ జాతరకు అమ్మవారికి కట్టే పట్టుచీర ఏటా ఈ అంచుతోనే పోతుంది. నేసేది మునిరత్నం భార్య అంకమ్మ. నేయించి ఆ ఊరికి అందించేది కుప్పంలో చీరల కొట్టు కిరణ్ కుమార్.

మళ్లీ గీద్దామంటే మునిరత్నానికి చూపు బాగా మసకబారింది. పోనీ ఇంట్లో కంప్యూటర్‌లో ఎక్కించి పెట్టిన డిజైన్‌తో కొత్త అట్టలు కొట్టిద్దామంటే, ఆ పాత కంప్యూటర్ పోయిన వానాకాలంలోనే పొగ కక్కి చచ్చింది. రిపేరు షాపతను, పుణ్యాత్ముడు, డిజైన్లన్నీ, వాటి సాఫ్ట్‌వేర్‌తో సహా, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఏం లాభం? వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ పాత విండోస్ ఎక్స్‌పీలో తప్ప నడవదు. కొత్త లాప్‌టాప్‌లో వేస్తే మొండికేసి కూర్చుంటోంది.

సంగతి తెలిసి కిరణ్ కుమార్ కుప్పం నుంచి వచ్చాడు. ఖాళీ చేతుల్తో రాలేదు. ఫోటో చూపించి ఎవరితోనో గీయించిన కాగితం ఒకటి తెచ్చాడు.

అంకమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది చిలకా అప్పా? కోడి మాదిరుండాది."

"కోడో చిలకో, అమ్మవారు దిగొచ్చి సూస్తాదా అంకమ్మా? శుక్రవారం లోగా పాత అంచు అట్టలు మగ్గానికి ఎక్కితే సరే. లేదంటే ఈ కాగితం పవర్‌లూమోళ్లకి ఇచ్చేస్తా. జాతర మనకోసం ఆగదు గదా."

 మునిరత్నం మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఒకసారి పవర్‌లూముకు పోయిన అంచు మళ్లీ ఈ ఇంటికి రాదని ఆయనకు తెలుసు. కూతురు నాగవేణికీ తెలుసు. నాన్న అలా గోడను చూడడం ఆమెకు అస్సలు నచ్చలేదు. 

"నేను తీసిస్తా పో," అనేసింది. ఆలోచించి అన్న మాట కాదు.

కిరణ్ కుమార్ నవ్వాడు. "పుంగనూరులో పిలకాయలకి కంప్యూటర్ నేర్పిస్తాండావంట గదమ్మా. ఈడ షాపులోళ్లే చేతులెత్తేసినారే, నువ్వేం జేస్తావు?"

"శుక్రవారం అన్నావు గదా. శుక్రవారం సూడు."

 దారి ఆమెకు తెలియనిదేమీ కాదు. పుంగనూరు కంప్యూటర్ సెంటర్‌లో పిల్లలు కంప్యూటర్లను పాడుచేస్తున్నారని, ఆమె ఒక్కో కంప్యూటర్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్ ఇంకొకటి తయారుచేసి, మీ ఇష్టమొచ్చినట్టు కొట్టుకోండి అని వాళ్లకు వదిలేసేది. దాన్నే వర్చువల్ మెషీన్ అంటారు. దాంట్లోకి ఎక్స్‌పీని దించితే సరి. ఎక్స్‌పీ డిస్కు ఒకటి కావాలి, అంతే.

"డిస్కు నా దగ్గర ఉండాది," అన్నాడు మునిరత్నం. దేవుడి గూట్లోంచి పసుపు గుడ్డలో చుట్టిన డిస్కు తీసుకొచ్చాడు. "కంప్యూటర్ మిషన్ కొన్నప్పుడు ఇచ్చింది. ఏటా ఆయుధపూజకి మగ్గంతో పాటు దీనికీ పూజ చేస్తాండాను."

ఆదివారం పొద్దున మగ్గం పక్కనే చాప వేసుకుని కూర్చుంది నాగవేణి. సెంటర్ నుంచి అడిగి తెచ్చిన డిస్కు డ్రైవ్‌ను లాప్‌టాప్‌కు తగిలించి, గుడ్డలోంచి తీసిన డిస్కును తీసినట్టే అందులో పెట్టేసింది.

"కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటరా? యాడ పడతాదమ్మా?" అన్నాడు మునిరత్నం.

"ముందర రూం బాడుగకిస్తే ఆళ్ల వంట ఆళ్లు చేసుకుంటారు గదా నాయనా, అట్ల. ఈ లాప్‌టాప్‌లో కొంచెం జాగా, కొంచెం మెమరీ ఇచ్చి పాత విండోస్‌ని బాడుగకి దింపుతాండాను. అది మటుకు ఇల్లంతా తనదే అనుకుంటాది."

"అనుకోనీలే. చిలకని సూపిస్తే సాలు."

మొదటిసారి వేస్తే తెర నీలంగా మారి ఆగిపోయింది. అది నాగవేణి తప్పే. లోపలి కంప్యూటర్‌కు ఈ కాలపు రకం హార్డ్‌డిస్కు చూపించింది, పాత విండోస్‌కు దాని ఊసే తెలియదు. పాత రకానికి మార్చగానే చక్కగా కదిలింది. ఫైళ్లు ఒక్కొక్కటే కాపీ అవుతున్నాయి. నాగవేణి కాఫీ గ్లాసు అందుకుంది. ఒక గుటక వేసిందో లేదో, ఒక ఫైలు కాపీ కావడం లేదంటూ నిలిచిపోయింది.

మళ్లీ వేసింది. మళ్లీ అక్కడే ఆగింది. మెమరీ పెంచి చూసింది, తగ్గించి చూసింది. కోపమొచ్చి లోపలి కంప్యూటర్‌ను మొత్తంగా చెరిపేసి కొత్తగా కట్టింది. అయినా ఆ ఫైలు దగ్గరే ఆగింది. సరిగ్గా అప్పుడే కిరణ్ కుమార్ ఫోను.

"ఏమైందమ్మా? పవర్‌లూమోళ్లకి చెప్పేదా?"

"శుక్రవారం ఇంకా రాలేదు," అని పెట్టేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాన్న చూడలేడు కాబట్టి సరిపోయింది గానీ, అంకమ్మ చూసింది. వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

కాసేపటికి నాగవేణి బుర్ర చల్లబడింది. లోపలి కంప్యూటర్‌లో తేడా ఉంటే ఒక్కోసారి ఒక్కోచోట ఆగాలి. ఎన్ని మార్చినా అక్కడే ఆగుతోందంటే గొడవ డిస్కులోనే ఉంది. డ్రైవ్ తెరిచి, డిస్కు తీసి వెనక్కి తిప్పింది.

తళతళలాడే వైపు నిండా బొట్లు! గంధం మీద కుంకం, కుంకం మీద మళ్లీ గంధం, ఎన్నేళ్ల ఆయుధపూజలో అన్నీ అక్కడే ఎండి అతుక్కుపోయాయి.

"నాయనా! ఈ పక్క యాల పెట్టినావు బొట్టు?"

"ఇంకేపక్క పెట్టేది? ఆపక్క పేరు, నంబర్లు ఉండాయి, చెరిగిపోతాయి గదా. తళతళమనే పక్కే గదమ్మా మొగం?"

నాగవేణికి నవ్వు ఆగలేదు. అంకమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మునిరత్నం మాత్రం నవ్వలేదు. "నేనే చెడగొట్టినానా అయితే?" అన్నాడు. ఆ గొంతు విని నాగవేణి నవ్వు ఆపేసింది.

"లేదు నాయనా. నువ్వు పూజ చేయబట్టే ఇన్నేళ్లు గుడ్డలో భద్రంగా ఉండాది. బయట పడేసుంటే గీతలు పడి యాపొద్దో పోయుండు. కడుగుదాం రా."

గోరువెచ్చని నీళ్లు, పాత పట్టు గుడ్డ ముక్క తెచ్చింది అంకమ్మ. గుండ్రంగా రుద్దొద్దు, మధ్య నుంచి అంచుకు తుడవాలి అని చెప్పి నాగవేణి డిస్కును నాన్న చేతికే ఇచ్చింది. కళ్లతో పనేముంది? ఆయన వేలి కొస ఎండిన ప్రతి చుక్కనూ పట్టేసింది. "ఈడ ఒకటుండాది. ఈడ ఇంకోటి." జన్మంతా పట్టు దారంతో మెలిగిన చేతులు. ఒక్క గీత పడనివ్వలేదు.

ఈసారి నాగవేణి తొందరపడలేదు. ముందు డిస్కు మొత్తాన్నీ లాప్‌టాప్‌లోకి నకలు తీసుకుంది. ఆ నకలుతోనే పని మొదలుపెట్టింది. ఇందాక ఆగిన చోటు వచ్చింది.  ఆగలేదు. దాటేసింది! డిస్కు మీది నంబరు కొట్టింది, అదీ ఒప్పుకుంది. తర్వాత తెర నల్లబడింది, మళ్లీ వెలిగింది. లాప్‌టాప్‌లోంచి ఎక్స్‌పీ పాత స్వాగత సంగీతం ఇల్లంతా వినిపించింది.

మునిరత్నం దిగ్గున లేచి నిలబడ్డాడు. "మన మిషనే! మన మిషనే అది!"

తర్వాతదంతా చకచకా జరిగిపోయింది. పెన్‌డ్రైవ్‌ను లోపలి కంప్యూటర్‌కు అప్పగించగానే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎక్కింది. నాగవేణి చిలకల ఫైలు తెరిచింది. గడులు గడులుగా చిలకల వరస తెర మీద పరుచుకుంది.

"మెడ తిప్పుండాదా?"

"తిప్పుండాది నాయనా. వస్తాండావా లేదా అని నన్నే సూస్తాండాది."

మునిరత్నం తెర దగ్గరికి మొహం పెట్టి, కనిపించినా కనిపించకపోయినా చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

శుక్రవారానికి ముందే ఆ డిజైన్‌తో కొట్టించిన కొత్త అట్టలు మగ్గానికెక్కాయి. అంకమ్మ చీర నేసింది. జాతర దగ్గరపడగానే తండ్రీకూతుళ్లు దాన్ని తీసుకుని కుప్పం కొట్టుకు పోయారు. చీర కోసం జాతర జరిగే ఊరి పెద్దావిడ గంగులమ్మ వచ్చి కూర్చుని ఉంది. ఆమె మొదట చూసింది అంచే. చేత్తో తడిమి, చిలక మెడను గుర్తుపట్టి, "ఇదే మా చిలక," అని చీరను కళ్లకద్దుకుంది.

కిరణ్ కుమార్ గొంతు సవరించుకున్నాడు. "నాగవేణమ్మా, ఆ పెన్‌డ్రైవ్‌లో ఇంకా పాత అంచులుండాయంట గదా. అన్నీ నేస్తారా? నేను తీసుకుంటా."

నాగవేణి జవాబు చెప్పేలోపే మునిరత్నం అందుకున్నాడు. "నేస్తాములే గానీ, నీ కోడి యాడ కిరణూ? కూరొండినావా?"

కొట్టంతా నవ్వులే. కిరణ్ కుమార్ కూడా నవ్వక తప్పలేదు.

ఆ ఏడు ఆయుధపూజ నాడు మునిరత్నం మగ్గానికి, అట్టలకు, లాప్‌టాప్ మూతకు బొట్లు పెట్టాడు. డిస్కు జోలికి మాత్రం పోలేదు. గంధం గిన్నె పట్టుకుని కాసేపు నిలబడి, "లోపల బాడుగకుండే కంప్యూటర్‌కి యాడ పెట్టాలమ్మా?" అన్నాడు.

"అది చేతికి అందదు నాయనా. దానికేం వద్దులే."

"వద్దంటే ఎట్ల? మన అంచు మనకిచ్చింది గదా." తడుముకుంటూ దగ్గరికొచ్చి, కూతురి నుదురు వెతికి పట్టుకుని, గంధం మీద ఇంత కుంకం పెట్టాడు. "ఈ పక్క తప్పేం లేదు గదా?"

"లేదు నాయనా," అంది నాగవేణి. గంధం ముక్కు మీదికి కారినా ఆమె దాన్ని తుడుచుకోలేదు.