ఫీబీ పొదిగిన గుడ్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు ఆబ్రీ ప్రభువు, ఆయన భార్య వెనీషియా, సోఫాలన్నీ ఆక్రమించిన కుక్కలు, ఆ వంశం మీద పుస్తకం రాయడానికి లండన్ నుంచి వచ్చిన టామ్‌సిన్ అనే అమ్మాయి. వంటింట్లో హెస్టర్. ఆబ్రీకి చిన్న చెల్లెలు. పెళ్లి కాలేదు కాబట్టి ఇంట్లోనే ఉండిపోయింది. ఉండిపోయింది కాబట్టి కుక్కల స్నానాలూ, అతిథుల టీలూ ఆమె పనులైపోయాయి.

హాల్లో నవ్వులు వినిపించాయి. తాతగారు జీబ్రాను చర్చికి తీసుకెళ్లిన కథ అయ్యుంటుంది. తర్వాత నాన్న కథ. భోజనాల బల్ల దగ్గర ఆయన బూర ఊదితే తప్ప ఎవరూ నోరెత్తకూడదు. దేశమంతా ఇప్పటికీ ఈ కథలు చెప్పుకుని పడీపడీ నవ్వుతుంది. జీబ్రా పేడ ఎవరు ఎత్తారో, బూర ఊదకముందే మాట్లాడినందుకు అమ్మ ఎన్ని పూటలు పస్తులుందో ఎవరూ అడగలేదు. ఈ వంశంలో మగవాళ్లు ఏం చేసినా వింత, ఆడవాళ్లు ఏడ్చినా వింతే. ఇప్పుడు ఫీబీ అక్క కథ మొదలవుతుంది. నాన్న ఉన్నంతకాలం భయంతో, ఆ తర్వాత అలవాటుతో హెస్టర్ ఊరుకుంది. అక్క కూడా పోయింది. కానీ పుస్తకంలో పడితే ఇక అదే నిజమైపోతుంది. ఆమె టీ పళ్లెం పట్టుకుని హాల్లోకి నడిచింది.

"మా ఫీబీ తోటలో గదంత పావురాల గూట్లో కాపురం పెట్టిందమ్మా!" అంటున్నాడు ఆబ్రీ. "చలికాలమంతా గుడ్ల మీద కూర్చుంది, పొదుగుతానని. నాన్న రోజూ వెళ్లి గింజలు విసిరేవారు!"

"గుడ్లు కాదన్నయ్యా," అంది హెస్టర్.

ఆమె పళ్లెం బల్ల మీద పెట్టింది.

"పెళ్లి కాకుండా అక్కకు బిడ్డ పుట్టాడు. నాన్న ఎవరికో ఇచ్చేశారు. బిడ్డను లాక్కున్న ఇంట్లో అడుగుపెట్టనని అక్క ఆ గూట్లోనే కూర్చుంది. పాలు ఆగకపోతే దుప్పటి చించి నేనే కట్టు కట్టాను."

"అబ్బ, హెస్టర్! టీ చల్లారిపోతోంది," అంది వెనీషియా.

"మా ఇంట్లో హాస్యం అబ్బనిది ఇదొక్కతే," ఆబ్రీ పకపకా నవ్వాడు. "అందుకే దీని మీద ఒక్క కథా లేదు."

హెస్టర్ టామ్‌సిన్ వైపు చూసింది. ఆడపిల్ల కదా, ఇది రాస్తుంది అనుకుంది. టామ్‌సిన్ కలం కింద పెట్టి లేచింది. హెస్టర్ భుజం మీద చేయి వేసి మెల్లగా గుమ్మం దాకా నడిపించింది. టామ్‌సిన్ కళ్లలో నిజంగానే నీళ్లు ఉన్నాయి.

"ఏడిపించే కథలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి హెస్టర్ గారూ," అంది గొంతు తగ్గించి. "మీ ఇంటి కథ జనం చదివేది నవ్వుకోడానికి. ఏమీ అనుకోకండి."

హెస్టర్ గడప దాటింది. టామ్‌సిన్ వెనక్కి తిరిగి, "ఆ గింజలు గోధుమలా, బార్లీనా?" అని ఆబ్రీని అడుగుతూ తలుపు మూసేసింది.