రెండు, తొమ్మిది, ముప్పై ఒకటి

ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ నా బల్ల మీదే ఉంటాయి. పళ్ళ డాక్టర్లు అచ్చులు పంపిస్తే, ఇంటి వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు తయారుచేయడం నా పని. ఎవరి దవడ ఎటు వంకరో, ఎవరు నిద్రలో పళ్ళు కొరుకుతారో అచ్చు చూసి చెప్పేస్తాను. నా కూతురి నోరు మాత్రం మూడు వారాలుగా తెరుచుకోవడం లేదు. చిన్నప్పుడు దాని అల్లరికి తట్టుకోలేక పిడుగు అని పిలవడం మొదలుపెట్టాం. ఇప్పుడు ఆ పేరుతో పిలుస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

పదిహేనేళ్ళ పిడుగు బళ్ళో పాటల బృందం మానేసింది. ఎందుకో చెప్పదు. ఇంటికి రాగానే తలుపేసుకుని ఒకటే సీరియల్ చూస్తుంది. బళ్ళో ఎవరూ కలుపుకోని పిల్లలంతా పాత సామాన్ల గదిలో చేరి పాడుకునే సీరియల్. వయసు అలాంటిది, అదే సర్దుకుంటుందని మావారు తేల్చేశారు. ఆయనకేం, కుళాయి కారినా అదే సర్దుకుంటుంది. ఆదివారం సంగీతం టీచరు ఫోన్ చేశారు. కచేరీలో ఒక్కరే పాడాల్సిన పాట ఇంకా పిడుగు పేరు మీదే ఉంచారట. శుక్రవారం నాలుగున్నరకి మళ్ళీ చేస్తానని, అప్పటికీ తేల్చకపోతే వేరే అమ్మాయికి ఇచ్చేస్తానని చెప్పారు.

ఆ పాటతో పాటు పిల్ల కూడా చేజారిపోతుందేమోనని భయం వేసింది. అడిగితే చెప్పదు కాబట్టి, అది చూసేదేదో నేనూ చూడాలనుకున్నాను.

సోమవారం అది బడికి వెళ్ళగానే దాని టాబ్లెట్‌ని మైనం డబ్బాకి ఆనించి మొదటి భాగం పెట్టాను. అది చూస్తూ ఆపిన చోటు రెండో సీజన్, తొమ్మిదో భాగం, ముప్పై ఒకటో నిమిషం. సాయంత్రానికి మళ్ళీ అక్కడికే తెచ్చిపెట్టాలి, లేకపోతే దొరికిపోతాను. మా పనిలో ఎవరూ దేన్నీ గుర్తుపెట్టుకోరు. అచ్చు అడుగున పెన్సిల్‌తో రాస్తాం, మరిచిపోతాం. చేతికందిన అచ్చు తిప్పి 2-9-31 అని రాశాను.

ఆ పిల్లలకి బస్సు తప్పినా పాటే, మార్కులు తగ్గినా పాటే. మొదటి రోజు విసుక్కున్నాను. రెండో రోజు అన్నం తినడం మరిచిపోయాను. భాగం వెంట భాగం దానంతటదే వస్తుంటే ఎన్నోదో కూడా చూసుకోలేదు. నాకు అర్థం కానిది ఒక్కటే. సాయంత్రమంతా చూసే పిల్ల, పొద్దున చూస్తే ఒక్క నిమిషం కూడా ముందుకు వెళ్ళి ఉండదు. రోజూ అక్కడే ఆగి ఉండేది.

శుక్రవారం నాలుగవుతుండగా చూస్తే బల్ల మీద ఆ అచ్చు లేదు. పొద్దున కట్టుడు పళ్ళతో పాటు క్లినిక్‌కి వెళ్ళిపోయింది. తొమ్మిదో పదో, ముప్పై ఒకటో నలభై ఒకటో, కంగారులో ఏదీ తోచలేదు. చేతుల నిండా అచ్చులు పోసే తడి ప్లాస్టర్. మోచేత్తో ఫోన్ నొక్కి, స్పీకర్‌లో పెట్టి, అచ్చు అడుగున ఏముందో చదవమన్నాను.

"రెండు, తొమ్మిది, ముప్పై ఒకటి అని ఉందండీ," అంది క్లినిక్ అమ్మాయి. "ముప్పై ఒకటంటే కింది ముందుపన్ను, మరి రెండూ తొమ్మిదీ ఏమిటని డాక్టరుగారు అడుగుతున్నారు."

వెనక సంచి కిందపడిన చప్పుడైంది. గుమ్మంలో పిడుగు. తిరిగి చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. నా టాబ్లెట్ ఎందుకు ముట్టుకున్నావని అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఆ తర్వాత కూడా చూశావా?" అంది.

చూశానన్నాను.

"నేను చూడలేదు. ఆ భాగమే మళ్ళీ మళ్ళీ మొదట్నుంచి చూస్తాను, అక్కడికి రాగానే ఆపేస్తాను." గుమ్మం చెక్కని గోటితో గీకుతూ అంది, "నా గొంతు కూడా అలాగే పోయిందమ్మా. ప్రాక్టీసులో. అందరూ నవ్వారు."

అప్పుడు గుర్తొచ్చింది. సీరియల్లో నత్తి ఉన్న ఒక పిల్ల వేదికెక్కి పాడుతుంటే గొంతు చీలిపోయింది, హాలంతా నవ్వింది. నేను మైనం చెక్కుతూ అయ్యో పాపం అనుకుని ముందుకు వెళ్ళిపోయాను. నా పిల్ల మూడు వారాలుగా అక్కడే నిలబడి ఉంది.

"ఆ పిల్ల మళ్ళీ పాడిందా?"

గోడ గడియారంలో నాలుగూ ఇరవై ఐదు. వెంటనే పాడిందని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది.

"వెంటనే పాడలేదు," అన్నాను. "చాలా భాగాల దాకా కుర్చీలు సర్దుతూ వెనక కూర్చుంది. తర్వాత పాడింది. అప్పుడూ గొంతు వణికింది, కానీ ఆపలేదు."

తప్పు చెప్పానేమో అనుకున్నాను. ఫోన్ మోగింది. నా చేతులు ప్లాస్టర్‌లోనే ఉన్నాయి. నాలుగుసార్లు మోగాక పిడుగు వచ్చి తీసింది.

"రేపట్నుంచి వస్తానండీ. కుర్చీలు సర్దడానికి," అంది. అవతల టీచరు ఏదో అడిగారు.

"పాట మాత్రం ఎవరికీ ఇవ్వకండి."

నా చేతుల మీద ప్లాస్టర్ గట్టిపడిపోయింది. కదిలితే ఆ మాట వెనక్కి తీసుకుంటుందేమోనని అలాగే కూర్చున్నాను.