బుడంకాయను మోసిన తుండుగుడ్డ

నేను ఒక తుండుగుడ్డను. ఎర్ర గళ్లు, తెల్ల అంచు, మూడు మూరల పొడవు. పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవాలని నాకూ ఉంటుంది కానీ, నిజం చెప్పేస్తే మనసు తేలికగా ఉంటుంది. తెనాలి బజారులో కొట్టాయన నన్ను చేనేత అని చెప్పి అమ్మాడు. నేను మరమగ్గం బిడ్డను. ఒక రేకుల షెడ్డులో, పక్కవాడి మాట పక్కవాడికి వినపడని మోతలో, నాలాంటి వాళ్లు ఎందరో ఒకే తానుగా పుట్టాం. కత్తెర పడేదాకా మేమందరం ఒకటే. ఆ సంగతి కొట్టాయనకు తెలుసు, కొన్న మార్తమ్మకూ తెలుసు. అయినా ఆయన చేనేత అన్నాడు, ఆమె అవునన్నట్టు తలూపింది. మనుషులు ఒకరి అబద్ధాన్ని ఒకరు ఎంత మర్యాదగా ఒప్పుకుంటారో ఆ రోజే తెలిసింది.

మార్తమ్మ నన్ను కొన్నది మొగుడు ఏసోబు కోసం. ఏసోబు పసుపు యార్డులో ముఠా కూలీ. ముప్పై ఏళ్లుగా లారీల్లోకి మూటలు ఎక్కిస్తున్నాడు, దించుతున్నాడు. ఆ పనిలో నా చోటు ఆయన మెడకూ మూటకూ మధ్య. నన్ను నాలుగు మడతలు పెట్టి మెడ వెనక పరుచుకునేవాడు. గోతాం గరుకంతా నేను కాచుకునేదాన్ని. నెల తిరగకుండానే నా తెల్ల అంచు పసుపు తిరిగింది. మార్తమ్మ ఎంత బాదినా ఆ రంగు వదల్లేదు.

ఏసోబుకు ఆస్తిపాస్తులేమీ లేవు, ఒక గర్వం తప్ప. ఎత్తిన మూట చేరవలసిన చోటికి చేరేదాకా నేల తాకకూడదు. మధ్యలో దించినవాడు ముఠా మనిషే కాదు అనేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్క మూట జారవిడవలేదని కొత్తవాళ్లకు చెప్పేవాడు. అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు. నేను ఆ భుజం మీదే ఉన్నదాన్ని కనుక నాకు ఆ కథ కంఠతా వచ్చేసింది.

యార్డులో ఒక చిన్న కుక్క ఉండేది. ఎవరు వదిలేశారో తెలియదు. ఒంటి రంగు ఎండిన పసుపు, ఎత్తు జానెడు, కడుపు మాత్రం గుండ్రంగా ఉండేది. ఏసోబు దానికి బుడంకాయ అని పేరు పెట్టాడు. మధ్యాహ్నం ఆయన గిన్నె మూత తియ్యగానే ఎక్కడున్నా వచ్చేది. మజ్జిగన్నంలో సగం దానిది. మిగతా వేళల్లో మూటల నీడన పడుకునేది.

వైశాఖ మాసం ఎండ. ఒక లారీ నింపాలి, మనుషులు తక్కువ. పొద్దుటినుంచీ మోసి మోసి ఏసోబు చెమటతో నేను పిండితే ధార కట్టేలా ఉన్నాను. అలాంటప్పుడు నన్ను పిండి ఆరేసుకుని, మళ్లీ వేసుకోవాలి. ఆయన పిండలేదు. లారీకి ఆనించిన బల్లచెక్క ఎక్కబోతూ ఒక అడుగు వేశాడో లేదో, నేను జారాను. నాతోపాటు మూట జారింది. కింద నీడలో బుడంకాయ పడుకుని ఉంది.

అది అరిచిన అరుపు నాకు ఇంకా గుర్తుంది. తప్పు చెమటదా, ఎండదా, ఆయనదా అని యార్డులో చాలాసేపు మాట్లాడుకున్నారు. నా పేరు ఎవరూ ఎత్తలేదు. జారింది నేనే అని నాకు తెలుసు.

ఏసోబు దాన్ని నాలోనే చుట్టి, ఎవరిదో మోటారు సైకిలు వెనక కూర్చుని తెనాలి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ పేరు నిరుపమ. వయసు చిన్నదే, చేతులు మాత్రం నెమ్మదిగా, తెలిసినట్టుగా కదిలేవి. వెనక ఎడమ కాలు నుజ్జయిపోయిందనీ, ఉంచితే ప్రాణానికే మోసమనీ చెప్పింది. ఏసోబు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కాలు తీసేశారు.

పది రోజుల తర్వాత కుట్లు ఊడదీశారు. పుండు చక్కగా మానింది. కానీ గోరుచుట్టు మీద రోకటిపోటులా, మిగిలిన వెనక కాలు బలం లేకుండా పోయింది. నిలబడబోతే మడమ వణికి, నడుము పక్కకు ఒరిగి, చతికిలపడేది. ఎముక బాగానే ఉందనీ, ఇన్నాళ్లు పడుకుని ఉండటంతో కండ నీరసించిందనీ డాక్టరమ్మ చెప్పింది. ఏసోబు భుజం మీదనుంచి నన్ను తీసుకుని, బుడంకాయ కడుపు కింద వెనక కాలి ముందు దూర్చి, రెండు కొనలూ పైకి పట్టుకుని చూపించింది.

“ఇట్లా ఊరికే పట్టుకోండి, పెద్దాయనా. అది పడబోతే ఆపాలి, అంతే. బరువు కాలి మీదే ఉండాలి. రోజుకు నాలుగుసార్లు, కాసేపు కాసేపు.”

ఏసోబు చేతులు కట్టుకుని విన్నాడు. అలాగేనమ్మా అన్నాడు. ఆ మాట ఆయన మనసులో ఎలా పడిందో నాకు మర్నాడు తెలిసింది.

మనిషికి తెలిసిన పని ఒక్కటే అయినప్పుడు, ఏ పని ఇచ్చినా అదే చేస్తాడు. ఏసోబు నన్ను దాని కడుపు కింద దూర్చాడు, రెండు కొనలూ పిడికిళ్లలో బిగించాడు, ఎత్తాడు. బుడంకాయ ముందు కాళ్లు నేల మీద గబగబా నడిచాయి. వెనక కాలు గాలిలో వేలాడింది. ఇంటి వసారా ఈ చివరనుంచి ఆ చివరకు, పదిసార్లు. డాక్టరమ్మ రోజుకు నాలుగుసార్లు అంటే ఆయన ఎనిమిదిసార్లు తిప్పాడు. పని మానేసి తిప్పాడు. ఒక్కసారి కూడా దాన్ని పడనివ్వలేదు. సాయంత్రానికి నడుము పట్టేసి మంచం మీద వాలేవాడు, బుడంకాయ మాత్రం అలుపు లేకుండా ఆవలించేది.

పక్కింటివాళ్లు వచ్చి చూసి, ఎంత ప్రేమ అన్నారు. ఒకాయన, వీధి కుక్కకు ఇంత సేవేమిటి అని నవ్వి పోయాడు. నా మీద పడే బరువును బట్టి చెబుతున్నాను, ఆ కుక్క బరువు మొత్తం నా మీదే ఉండేది. దాని కాలి మీద ఒక చీమంత కూడా లేదు. నాకు నోరుంటే అరిచి చెప్పేదాన్ని.

నెల గడిచింది. మళ్లీ తెనాలి వెళ్లారు, ఈసారి మార్తమ్మ కూడా వచ్చింది. డాక్టరమ్మ ఆ కాలి తొడను చేత్తో చుట్టి చూసింది. మొదటిసారి కంటే సన్నబడింది. ఆమె ముఖం మారింది. ఇంకో పదిహేను రోజులు ఇలాగే ఉంటే కాలికి ఇక పట్టు చిక్కదని చెప్పింది. అప్పుడు నడుము ఈడ్చుకుంటూ తిరుగుతుంది, ఈడ్చిన చోటల్లా పుళ్లు పడతాయి, ఆ పుళ్లతో ఎన్నాళ్లో బతకదు. ఏసోబు నమ్మలేకపోయాడు. ఒక్క పూట మానలేదని, ఒక్కసారి కింద పెట్టలేదని మళ్లీ మళ్లీ చెప్పాడు.

“అదే పెద్దాయనా,” అంది డాక్టరమ్మ, “మీరు మోస్తున్నారు. అది మోయాలి.”

ఇంటికి వచ్చాక ఆయన నన్ను ఒళ్లో పెట్టుకుని, కొనలు మెలిపెడుతూ వసారాలో కూర్చున్నాడు. బుడంకాయ పక్కనే పడుకుంది. దానికి ఎడమ చెవి దురద పెట్టినట్టుంది, తల అటు వంచింది. లేని కాలి తాలూకు మొండి కదిలింది, చెవి దాకా వెళ్లాననుకుని ఆగింది. ఏసోబు చెయ్యి చాచి ఆ చెవి గోకాడు. రోజూ చేసే పనే అది. ఆ రోజు మాత్రం గోకిన చెయ్యి వెనక్కు తీసుకోలేదు.

మార్తమ్మ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి ఎదురుగా వచ్చి కూర్చుంది.

“వదిలి చూడయ్యా,” అంది.

“వదిలితే పడుద్ది.”

“పడనీ.”

“ఒకసారి నేను పడేసింది చాలదటే?” అన్నాడు ఏసోబు. నెలన్నరగా ఆ మాట ఆయన గొంతులోనే ఉంది. బయటికి వచ్చేసరికి చాలా చిన్నగా వచ్చింది. “ముప్పై ఏళ్లు మోశానే. ఒక్కటి జారింది. జారింది ఎక్కడ పడాల, దీని మీదా?”

మార్తమ్మ ఊరుకోమని అనలేదు. జరిగి ఆయన పక్కకు వచ్చి కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

“మూట ఎత్తుకునేటప్పుడు నీకు ఇద్దరు చెయ్యేస్తారు గదా?”

“ఏస్తారు.”

“మెడ మీదకెక్కినాక ఏం చేస్తారు?”

“వదిలేస్తారు.”

“వదలకుండా నీ ఎనకే పట్టుకుని నడిస్తే?”

ఏసోబు తల ఎత్తి ఆమెను చూశాడు. ముఠాలో పనిచేసే ఎవరికైనా తెలిసిన సంగతే అది. చెయ్యేసినవాడు వదలకపోతే మోసేవాడికి బరువు కుదురుకోదు, అడుగు పడదు. అలాంటివాణ్ణి ఏసోబే ఎన్నోసార్లు తిట్టాడు. మోసేవాడికే తెలుసు కావడి బరువు అంటారు. ఇన్నాళ్లూ ఆయన తానే మోసేవాణ్ణి అనుకున్నాడు. ఈ పనిలో మోసేది బుడంకాయ. ఆయన పని చెయ్యేసి వదలడమే.

“ఇప్పుడు మూట దానిదయ్యా,” అంది మార్తమ్మ.

మర్నాడు పొద్దున వసారాలో నాపరాళ్ల మీద పాత గోతాలు పరిచారు, కాలు జారకుండా. మార్తమ్మ అన్నం గిన్నె తీసుకెళ్లి నాలుగడుగుల దూరంలో కూర్చుంది. ఏసోబు నన్ను బుడంకాయ కడుపు కింద దూర్చి లేపి నిలబెట్టాడు. తర్వాత, ఎంతో కష్టం మీద, పిడికిళ్లు కొద్దిగా దించాడు.

ఆ కాస్త బరువు నా మీదనుంచి దిగి కాలి మీదకు వెళ్లడం నాకు తెలిసింది. కాలు గజగజ వణికింది. మూడు లెక్కపెట్టేంతసేపు నిలబడి బుడంకాయ పక్కకు పడింది. ఏసోబు కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచేసరికి అది తల తిప్పి ఆయన్నే చూస్తోంది, తోక ఆడిస్తూ. దానికి ఆయన మీద కోపమేమీ లేదు. మొదటినుంచీ లేదు. కోపమంతా ఏసోబుకు ఏసోబు మీదే.

ఆ రోజు పదకొండుసార్లు పడింది. మర్నాడు తొమ్మిది. తర్వాత ఒక రోజు మళ్లీ పద్నాలుగు, ఆ రోజు ఏసోబు అన్నం తినలేదు. మార్తమ్మ మాత్రం గిన్నెను రోజుకొక బెత్తెడు దూరం జరుపుతూనే ఉంది. ఆమె గుండె రాయి అని పక్కింటివాళ్లు గుసగుసలాడారు. రాత్రి ఎవరూ చూడకుండా ఆ కాలికి ఆమె నువ్వులనూనె మర్దన చేసేదని వాళ్లకేం తెలుసు.

డాక్టరమ్మ చెప్పిన పదిహేను రోజులూ అయిపోయాయి. కాలు బాగుపడిందని ఎవరూ అనలేకపోయారు, నేను తప్ప. రోజురోజుకూ నా మీద బరువు తగ్గుతోంది. మొదట మూడొంతులు, తర్వాత సగం, తర్వాత ఒక గుప్పెడు. పనికొచ్చే వస్తువుకు తన పని తగ్గిపోతుంటే దిగులు పుట్టాలి. నాకు మాత్రం చెప్పలేనంత సంతోషం వేసింది.

ఒక ఉదయం సన్నగా వాన పడుతోంది. ఏసోబు ఎప్పటిలాగే నడుము వంచి, నన్ను వదులుగా పట్టుకుని, బుడంకాయ వెనకే అడుగులు వేస్తున్నాడు. కళ్లు గోతాల మీదే ఉన్నాయి, ఎక్కడ మడత ఉందోనని. బుడంకాయ గిన్నెను చూసింది. గెంతింది. ఒక గెంతు, ఇంకో గెంతు, నా మధ్యలోంచి జారి ముందుకు వెళ్లిపోయింది. ఏసోబు గమనించలేదు. నా రెండు కొనలూ పట్టుకుని, అలాగే వంగి, ఇంకా రెండడుగులు వేశాడు.

“ఏమయ్యా,” అంది మార్తమ్మ. “ఇంకా దేన్ని పట్టుకున్నావు?”

ఆయన తలెత్తాడు. బుడంకాయ గిన్నె దగ్గర మూడు కాళ్ల మీద నిలబడి తింటోంది. వెనక కాలు అదురుతోంది, అయినా నిలబడింది. ఏసోబు నిటారుగా లేచి, చేతుల్లో ఖాళీగా వేలాడుతున్న నన్ను చూశాడు. తర్వాత నాలో ముఖం దాచుకుని చాలాసేపు ఏడ్చాడు. మార్తమ్మ వచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. కాసేపాగి, ఆ చెయ్యి తీసి పొయ్యి దగ్గరకు వెళ్లింది.

ఏసోబు మళ్లీ యార్డుకు వెళ్తున్నాడు, భుజం మీద కొత్త తుండుగుడ్డతో. అదీ చేనేతే అట. నేను చిరుగులు పట్టి వసారా మూల పరుపునయ్యాను. పగలంతా బుడంకాయ వాకిట్లో కోళ్లను తరుముతుంది, పడుతుంది, ఎవరూ లేపకుండానే లేస్తుంది. తన బరువు ఎవరికీ ఇవ్వదు. నిద్రపోయేటప్పుడు మాత్రం ఒక చుట్టు తిరిగి, నా మీద వాలి, ఉన్న బరువంతా వదిలేస్తుంది.