బొచ్చె చేపకు పోలీసు బందోబస్తు

ఆ రోజు బంద్ ఉందో లేదో కలకత్తాలో ఎవరికీ తెలియదు. నాకు ఇప్పటికీ తెలియదు. ముందు రోజు టీవీలో ఒకాయన పన్నెండు గంటల బంద్ అన్నాడు. ఇంకాసేపటికి అవతలి పార్టీ ఆయన వచ్చి, బందూ లేదు గిందూ లేదు, కొట్లు తెరవాల్సిందే అన్నాడు. పొద్దున చూస్తే మా శోభాబజారులో మిఠాయి కొట్టు ఘోష్ షట్టరు సగం ఎత్తి, సగం దించి, మధ్యలో తల పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరొచ్చి అరిస్తే అటు లాగడానికి. ట్రాము పట్టాల మీద ఆంబోతు ఒకటి పడుకుంది. కుర్రాళ్ళు క్రికెట్టు ఆడుతూ స్కోరు దాని వీపు మీదే సుద్దతో రాసుకుంటున్నారు. అబద్ధమైతే నా బండి చక్రాలు ఊడిపోనీ.

వెనక బల్ల ఉన్న మూడు చక్రాల రిక్షా నాది. ఇవాళ తొక్కాలా పడుకోవాలా అని ఆలోచిస్తుంటే సన్యాల్ గారింటి పిసీమా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వచ్చింది. పెళ్ళికొడుకుకి మేనత్త. వీధి మొత్తానికి కూడా మేనత్తే. మాట్లాడుకున్న కారు డ్రైవరు ఫోను ఎత్తడం లేదట. పెళ్ళికూతురు మీఠూ ఉండేది ఊరికి ఆ చివర, టాలీగంజ్‌లో. పదకొండు దాటితే వర్జ్యం.

"నిబారణూ, పసుపు చేరకపోతే పిల్లకి స్నానం లేదురా. స్నానం లేకపోతే సాయంత్రం పెళ్ళి లేదు" అంది.

నిజమే. పెళ్ళికొడుకు ఒంటికి పూయగా గిన్నెలో మిగిలిన పసుపే పెళ్ళికూతురికి పూయాలి. బజారులో బస్తాలకొద్దీ కొన్నా పనికిరాదు. పసుపుతో పాటు చేప కూడా వెళ్ళాలి. పద్నాలుగు కిలోల బొచ్చె. దానికి ఎర్ర బనారసు గుడ్డ కట్టారు, ముక్కుకి నత్తు పెట్టారు, నోట్లో తాంబూలం కుక్కారు. వియ్యాలవారు తమని పిసినారులు అనుకోకూడదని పిసీమా అదే గిన్నెలోంచి గుప్పెడు పసుపు తీసి దాని నుదుటికి మెత్తింది. మా పెళ్ళికి మా ఆవిడ కూడా అంత అందంగా లేదు.

చేపని మంచు మీద పడుకోబెట్టి నిండా దుప్పటి కప్పాము. గిన్నె పిసీమా ఒళ్ళో, కొంగు కింద పెట్టుకుంది. ఎనిమిదింటికి బయలుదేరాను.

మొదటి కూడలిలోనే జెండాలు అడ్డం పెట్టారు. బంద్ రోజు బండి ఎలా తీశావంటూ పది మంది చుట్టుముట్టారు. పెళ్ళి పసుపు అని చెప్పాను. వాళ్ళ నాయకుడు, గడ్డం కుర్రాడు, కాస్త మెత్తబడ్డాడు. మా ఊళ్ళో పెళ్ళికాని వాడికి పెళ్ళివారి పసుపు చుక్క తగిలితే ఏడాదిలో ఇంటివాడవుతాడని నమ్మకం. తల వంచి మెల్లగా అడిగాడు.

"పిసీమా, కొంచెం నాకూ..."

ఆవిడ కొంగు కిందకి వేళ్ళు పోనిచ్చి అతని నుదుట రాసింది. అంతే, మిగతా వాళ్ళు రేషను కొట్టు ముందులా వరస కట్టారు.

రెండో కూడలిలో ఇంకో రంగు జెండాలు. వీళ్ళు బంద్ లేదనేవాళ్ళు. "లేని బంద్‌కి భయపడి సందుల్లోంచి ఎందుకు వస్తున్నావు? నవ్వుతూ నడిరోడ్డు మీద పో" అని గదమాయించారు. నవ్వుతూ తొక్కడం ఎంత కష్టమో తొక్కేవాడికే తెలుసు. తీరా చూస్తే వాళ్ళూ పెళ్ళికాని వాళ్ళే. మళ్ళీ వరస. రెండు పార్టీలూ ఒకే గిన్నెలో పసుపు రాసుకోవడం నేను ఆ రోజే చూశాను.

మూడో చోట పోలీసులు. ఆ దారిన రోగులకు తప్ప ఎవరికీ అనుమతి లేదట. అప్పటికే పది దాటింది. నా నోరు ఊరుకోదు కదా, "రోగే బాబూ" అనేశాను. ఇన్‌స్పెక్టరు దుప్పటి కొసన బయటికి కనిపిస్తున్న ఎర్ర గుడ్డా, నత్తూ చూశాడు. చూసి కళ్ళు తుడుచుకున్నాడు. "పాపం, కొత్త పెళ్ళికూతురు" అని, ముందు ఒక జీపు, వెనక ఒక జీపు పెట్టి నన్ను నేరుగా ఆసుపత్రికి తోలించాడు. నేను తొక్కలేదు. ఆ సైరన్లకి బండే పరిగెత్తింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు పరిగెత్తుకొచ్చి దుప్పటి తీశాడు. మొప్ప పైకెత్తి చూశాడు.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

"రాత్రి నుంచి నాయనా" అంది పిసీమా. "దీని సంగతి వదిలెయ్. అక్కడ ఒక పిల్ల ఏమీ తినకుండా పసుపు కోసం కూర్చుంది."

డాక్టరు గోడ గడియారం చూసి, చీటీ తీసి గబగబా రాశాడు. ఈ జబ్బుకి మా దగ్గర వైద్యం లేదు, వెంటనే టాలీగంజ్ తరలించాలి అని. ముద్ర కూడా కొట్టాడు. చీటీ ఇస్తూ చేతిని వెనక్కి తీసుకోలేదు.

"నాకు ముప్పై నాలుగు దాటాయి, పిసీమా."

కొంగు కింద వేళ్ళు తిప్పి తిప్పి అతనికీ రాసింది.

ఆ ముద్ర చూసి దారిలో ఎవరూ ఆపలేదు. పదకొండుకి పది నిమిషాలుండగా చేరాము. మీఠూ పీట మీద కూర్చుని ఉంది. చుట్టూ ముత్తయిదువులు శంఖాలు పట్టుకుని నిలబడ్డారు. పిసీమా కొంగు తీసింది. గిన్నె అడుగు తోమి పెట్టినట్టు మెరుస్తోంది.

శంఖాలు నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. పిసీమా అక్కడే నేల మీద కూలబడింది. ఊరంతటికీ పెళ్ళిళ్ళు పంచి మేనల్లుడి పెళ్ళి పోగొట్టానని అంటోంది. నాకేం చేయాలో తోచక మంచు కారుతున్న చేపని తెచ్చి పెళ్ళికూతురి ముందు పెట్టాను.

మీఠూ దాన్ని ఎగాదిగా చూసింది.

"దీని నుదుటి మీది పసుపు ఎక్కడిది?"

"ఆ గిన్నెలోదే" అన్నాను.

"అబ్బాయికి పూశాకేనా?"

"పూశాకే" అంది పిసీమా, తల ఎత్తి.

"మరి గీకండి. నాకు ఆకలేస్తోంది."

వాళ్ళ నానమ్మ చెంచాతో గీకింది. గుప్పెడు మెత్తారు కదా, చెంపలకీ, చేతులకీ, పాదాలకీ సరిపోయింది. చివరి చుక్క పూస్తుంటే పదకొండు కొట్టింది. సాయంత్రం దాకా ఆ పిల్ల దగ్గర చేప వాసనే. పీటల మీద పెళ్ళికొడుకు ఒకసారి గట్టిగా వాసన పీల్చి ఎంతో సంతోషించాడని విన్నాను. మా ఊరివాడు కదా మరి.

తిరిగొచ్చేసరికి ఘోష్ షట్టరు అలాగే సగంలో ఉంది. "ఇంతకీ బంద్ జరిగిందా నిబారణూ?" అని అడిగాడు. రేపు పేపరు చూద్దామన్నాను. మర్నాడు ఒక పేపరు సంపూర్ణం అంది. ఇంకోటి ఊరు మామూలుగానే ఉందంది.

నాకు కచ్చితంగా తెలిసింది ఒక్కటే. ఆ చలికాలంలో రెండు పార్టీల్లో కలిపి ముప్పై ఒక్క పెళ్ళిళ్ళు అయ్యాయి, డాక్టరుది కాక. అన్నింటికీ చేప నా బండి మీదే వెళ్ళింది. ప్రతిసారీ దాని నుదుటికి రెండు గుప్పిళ్ళు మెత్తించాను.