కుంకుమ పడిన పుస్తకములు

శరదృతువు ప్రవేశించినది. శ్రావణ భాద్రపదములయందు గట్టులొరసి పాఱి లంకవాసుల గుండెలవియఁజేసిన గౌతమీనది తన కావిరంగును వదలి తేటవడి రెల్లుపూలచేఁ దెల్లనైన యిసుకతిన్నెల నడుమ నేమియు నెఱుఁగనిదానివలె నొదిఁగి ప్రవహించుచుండెను. వరిచేలు పొట్టకు వచ్చియుండెను. ఆకాశమున జలభారము దించుకొన్న మేఘములు పెండ్లి ముగిసిన పందిటిలోని చుట్టములవలెఁ బనిలేక యిటునటు తిరుగుచుండెను. ఆనాఁడు మూలానక్షత్రము. అట్టి ప్రాతఃకాలమున వెదుళ్ళలంక రేవులో బాలికాపాఠశాలోపాధ్యాయిని మంగతాయారు ఱెప్పవాల్పక కాలువపడవకై యెదురుచూచుచు నిలిచియుండెను.

ఆ పడవలో రావలసినది పెనిమిటి కాదు, పుట్టింటి సారె కాదు. పుస్తకముల పెట్టె. దానికై యింత తహతహ యేల యని పాఠకులు శంకింతురేని కొంచెము వెనుకకుఁ బోవలసియున్నది.

వెదుళ్ళలంకలో వాగ్దేవీ పుస్తకభాండాగారమను నొక సంస్థ కలదు. పేరు నోరునిండ నుండెడిది గాని యున్నది యొక్కగది, రెండు బీరువాలు. వానియందు వేదాంతగ్రంథములును పురాణములును మహారాజుల వంశావళులును బంగారువన్నె యట్టలతో నొండొంటి నొరసికొని నిలిచి యేఁడాది పొడుగున నెవ్వరిచేఁ దెఱవఁబడక దశరాకుఁ బూజలందుచు సుఖముగా నుండెను. వాని నెక్కువగాఁ బరామర్శించినవి బల్లులు. వెనుకటి గ్రంథభాండారి కాశికిఁ బోయి యచ్చటనే యుండిపోఁగా జీతము లేని యా కొలువునకుఁ బోటీ లేనందున తాళపుచెవి మంగతాయారు చేతికి వచ్చెను. క్రొత్తపుస్తకములను గోరి తెప్పించు నధికారము సంస్థనియమముల ప్రకారము భాండారిదే. ఆ యధికారమును వాడుకొనవచ్చునని యంతవఱ కే భాండారికిని దోఁచలేదు, అంతియే.

ఆమెకుఁ దోఁచెను. పుస్తకముల నెంచుట కామె యనుసరించిన పద్ధతి వింతయైనది. గుమ్మమెక్కి వచ్చిన ప్రతివానిని, ఎక్కనివానిని వీథిలో నాపియు, "మీకు తెలియనిదేమిటండి?" యని యడుగును. మొదట జనులు నవ్విరి. పిదప నాలోచింపసాఁగిరి. పడవసరంగు పోలయ్య వఱదకు ముందు గోదావరిలో నెఱ్ఱనీరెచ్చటనుండి వచ్చునో తనకుఁ దెలియదనెను. పాలికాఁపులు గాలికుంటు సోఁకిన యెడ్లకేమి చేయవలెనో తెలియదనిరి. పురోహితుఁడు సోమయాజులుగారు సయితము నలుగురు లేని సమయముఁ జూచి, గ్రహణకాలము తాను గుణింపఁగలనే గాని చంద్రుఁడు నిజముగా నెంత దూరమున నున్నాఁడో యెఱుఁగనని గొంతు తగ్గించి యొప్పుకొనెను. ఆమె యీ తెలియనితనములన్నిటిని విత్తనములవలె నేఱి కూర్చి నక్షత్రములు, నదులు, నేలలు, పశురోగములు, తేనెటీఁగలు, భూకంపములు, పరదేశముల చరిత్రలు మొదలుగా నొక్కొక్క దానికి నొక్కొక్క పుస్తకమును నిర్ణయించెను.

అందొకటి తనకొఱకుఁ గూడ నెంచెను. అది ప్రసూతిశాస్త్రము. ఆమె యక్క యలమేలు తొలికానుపున సూతికాజ్వరము వచ్చి మరణించెను. గాలి సోఁకినదని యొకరు, గ్రామదేవత కోపించినదని యొకరు పలికిరి. అటుపిమ్మట రాజమహేంద్రవరమున ఉపాధ్యాయపరీక్షకుఁ జదువుచుండఁగా మంగతాయారున కొక పుస్తకమున నాలుగు పంక్తులు కనఁబడెను. పురుడు పోయువారి చేతులు మరఁగించిన నీటఁ గడిగినచో నా జ్వరము రాదని యందుండెను. ఆమె యా పుట ముందు కూర్చుండి వెక్కివెక్కి యేడ్చెను. వేన్నీళ్ళు లేక చచ్చిపోవుట కలదా! ఆ నాలుగు పంక్తులు వెదుళ్ళలంక నాఁడుదాని చేతికందనంతవఱకుఁ దన కక్కఋణము తీఱదని యామె యానాఁడే నిశ్చయించుకొనెను.

సంస్థాధ్యక్షులు నీలాద్రిరాజుగారు. వారి తండ్రిగారే దీని స్థాపకులు. భూవసతియు గంభీరవిగ్రహమును గలవారు. చదువునెడఁ దగని గౌరవము గలవారు. తగని యనుట యేలనన వారు పుస్తకమునకు మ్రొక్కుదురే గాని విప్పరు. మంగతాయారు పుస్తకములు తెప్పింపఁబోవుచున్నదని విని భాద్రపదమున నామెను లోగిలికిఁ బిలిపించిరి.

"ఏమమ్మా, తెలియనిదేమిటని ఊళ్ళో అందరినీ అడుగుతున్నావుట. నన్నడగవేం?" అని వారు మీసముల చాటున నవ్విరి.

"అడుగుతున్నానండి. తమకు తెలియనిదేమిటండి?"

"నాకు తెలియంది నాకక్కర్లేదమ్మా."

అచ్చటి పరివారము పకపక నవ్వెను. ఆ మాట సాయంకాలమునకు లంకయంతయుఁ బ్రాఁకెను.

"నక్షత్రాలన్నావు, సరే. గొడ్ల జబ్బులన్నావు, పోనీ. పురుళ్ళ పుస్తకమేమిటి? సరస్వతీపీఠం మీద పురిటిగుడ్డలు ఆరవేస్తావా?"

"తమరూ నేనూ ఆ పురిటిగదిలోంచే వచ్చామండి."

రాజుగారి మొగము జేవురించెను. "ఆ పుస్తకం ఉందా, పెట్టె వచ్చిన పడవలోనే వెనక్కి పోతుంది" అని యాజ్ఞాపించి లేచిరి.

మంగతాయారు మాఱుపలుకక నమస్కరించి వెడలెను. ఆఁడుది జంకినదని రాజుగారు తలంచిరి. మౌనమర్ధాంగీకారమని పెద్దలనిరి గదా. తక్కిన సగమేమగునో పెద్దలు చెప్పలేదు. ఆమె తిన్నఁగా నింటికిఁ బోయి దీపపుసెమ్మె వెలిగించి ప్రసూతిశాస్త్రమును మొట్టమొదటఁ బేర్కొని చెన్నపురికిఁ బుస్తకములకై వ్రాసెను.

ఇంతలోఁ బడవ రేవు చేరెను. లాకువద్ద నీరెక్కువై రావలసిన దినమునకు రాలేకపోయినది.

"పంతులమ్మగారూ, ఆయ్, నా ఎర్రనీళ్ళ సంగతి ఇందులో ఉందాండి?" అని పోలయ్య పెట్టెను దన తలకెత్తుకొనుచు నడిగెను.

"ఉంది పోలయ్యా. మొదట నీకే ఇస్తాను" అని యామె మాటయిచ్చెను.

ఆ భాండాగారమున రాజుగారి తండ్రిగారు కావించిన యాచారములు మూఁడు గలవు. మూలానాఁడు పీఠమెక్కిన పుస్తకమును విజయదశమివఱకు విప్పరాదు. పూజలోఁ గుంకుమ పడిన పుస్తకమును భాండాగారమునుండి యెన్నఁడును వెడలింపరాదు. దశమినాఁడు క్రొత్తపుస్తకము లన్నిటినుండియుఁ దలకొక పుట భాండారి సభలో బిగ్గరగాఁ జదువవలెను. వీనియెడ రాజుగారెంత పట్టుదల గలవారనఁగా నొకయేఁడు మహాష్టమినాఁడు వార్తాపత్రిక విప్పిన పాపమునకుఁ గరణముచేఁ గొబ్బరికాయలు కొట్టించిరి.

పెట్టె రాజుగారి లోగిలిలో దశరాపూజ జరుగు సభామంటపము చేరునప్పటికి ముహూర్త మాసన్నమైనది. రాజుగారి గుమాస్తా మూఁత యూడఁదీయఁ జేయి చాఁపఁగా సోమయాజులుగారు "మూల వచ్చేసిందండి, ఇప్పుడు విప్పకూడదు" అని వారించిరి. చంద్రుని దూరము చెప్పు పుస్తక మందున్నదని వారెఱుఁగుదురు గావున నా వారణమునం దొక యుత్సాహము కూడఁ గలదు. రాజుగారు మంగతాయారు వైపుఁ జూచిరి. ఆమె కన్నులు దించక వారి వైపుఁ జూచెను. వారడిగియుండినచో నా పుస్తకమున్నదనియే యామె చెప్పియుండును. కాని యడుగుట తన మాట చెల్లలేదేమో యని శంకించుట యగును. ఆ వంశమున నట్టి శంక నెవ్వరును బడియుండలేదు. రాజుగారు పెట్టెను బీఠమెక్కించి పట్టుగుడ్డ కప్పించి స్వహస్తమున దానినిండఁ గుంకుమ చల్లిరి. పెట్టెపైఁ బడిన కుంకుమ యందలి పుస్తకములన్నిటిపైఁ బడినట్లే గదా.

విజయదశమి వచ్చెను. సభయంతయు నిండెను. తెరవెనుక ఘోషాలో రాజుగారి తల్లి బంగారయ్యమ్మగారును బురిటికిఁ బుట్టినిల్లు చేరిన మనుమరాలును గూర్చుండిరి. అరుగుమీఁద బాలికల తల్లులు క్రిక్కిఱిసిరి. మంత్రసాని అంకమ్మ మెట్లచెంత నిలిచెను. మంగతాయారు పట్టుగుడ్డ తొలఁగించి పెట్టె తెఱచి చదువసాఁగెను.

కొండలలోని యెఱ్ఱమన్ను వానలకుఁ గరఁగి యేఱులఁ బడి గోదావరిఁ జేరునని చదివినంతనే సభ వెనుకనుండి "ఓరి నీ, అదా!" యని పోలయ్య కేక వినఁబడి యందఱును నవ్విరి. చంద్రుని దూరము విని సోమయాజులుగారు కన్నులు మూసికొని తలయూఁచిరి. ఎడ్ల గిట్టలఁ గడుగు విధానము విని కాఁపులు మఱలఁ జదువుఁడని వేఁడిరి. వేదాంతము చదివిననాఁడు గుఱక పెట్టిన సభ యదియేనా యని రాజుగారికే యాశ్చర్యము కలిగెను. తన సభ యింత కలకలలాడుట చూచి వారికి సంతోషము సయితము కలుగుచుండెను. ఇంతలో మంగతాయారు పెట్టె యడుగునుండి యెఱ్ఱయట్ట పుస్తకమొకటి తీసెను.

"ప్రసూతిశాస్త్రము" అని చదివెను.

రాజుగారు లేచిరి.

"చాలు. అది లోపల పెట్టు."

"కుంకుమ పడిందండి. చదవకుండా లోపల పెడితే తమ తండ్రిగారి నియమం తప్పుతుందండి."

"నేను చెబుతున్నాను."

"నేను చదువుతున్నానండి."

ఆమె పుస్తకము విప్పి చదివెను. "పురుడు పోయు స్త్రీ గాజులు తీసి గోళ్ళు గత్తిరించుకొని మోచేతులవఱకు సబ్బుతోడను మరఁగించిన నీటితోడను జేతులు గడుగుకొనవలెను. బొడ్డు కోయు కత్తిని మరఁగు నీట నుంపవలెను. ఇట్లు చేయనిచోట జ్వరము ప్రవేశించును. ఇది గాలి కాదు. దేవతాగ్రహము కాదు." ఇచ్చట నామె కన్నుల నీరు గ్రమ్మి యక్షరములు చెదరెను. గుమాస్తా రాజుగారి కనుసన్న నెఱిఁగి పుస్తకము లాగికొన ముందునకు వచ్చెను. ఆమె దానిని ఱొమ్మున కదుముకొని నిలిచెను.

అప్పుడు తెరవెనుకనుండి యొక వృద్ధకంఠము వినఁబడెను. ఆ కంఠమును బరపురుషులెవ్వరు నంతకుముందు వినియుండలేదు.

"ఆఖరి ముక్కలు వినబళ్ళేదమ్మాయ్. మళ్ళీ చదువు."

రాజుగారు నిలిచినచోటనే కొయ్యవాఱిరి. వారి భార్య తెరవెనుకనున్న యీ కూఁతును గని యా జ్వరముననే గతించినది. తల్లి లేని బిడ్డను బంగారయ్యమ్మగారే యొడిలోఁ బెట్టుకొని పెంచినది. ఆ సంగతి సభలో నెఱుఁగనివారు లేరు. ఆ నాఁడు పురుడు పోసిన అంకమ్మ తన చేతుల నొకసారి చూచుకొని కొంగున దాఁచుకొనెను. మంగతాయారు కన్నులు తుడుచుకొని యా పుటను మొదటినుండి మఱలఁ జదివెను. ఎవ్వరును నాపలేదు.

సభ ముగిసినంతనే రాజుగారు తాళపుచెవి పుచ్చుకొని భాండాగారమును మూయించిరి. కుంకుమ పడిన పుస్తకమును వెడలింపరాదని నియమమే గాని తలుపు తెఱువవలెనని నియమము లేదు గదా!

"తాళం వేయించండి. విన్నదాన్ని ఏ బీరువాలో పెట్టిస్తారండి?" అని మాత్రము పలికి యామె బడికిఁ బోయెను. అవమానమున నామె యా రాత్రి యన్నము ముట్టలేదు. అయినను దాను జేసినదానికిఁ బశ్చాత్తాపము మాత్రము రవ్వంతయు లేదు.

కార్తికము వచ్చెను. రాజుగారి కూఁతునకు నొప్పులారంభించెను. రాజుగారు వసారాలోఁ గాలుగాలిన పిల్లివలెఁ దిరుగుచు లోపలఁ దొంగిచూడఁగా పెరటిపొయ్యిమీఁద గంగాళము కుతకుత నుడుకుచుండెను. అంకమ్మ గాజులు తీసిపెట్టి మోచేతులవఱకు సబ్బునురుగుతోఁ గడుగుకొనుచుండెను. బంగారయ్యమ్మగారు చేతికఱ్ఱతో వాకిట నిలిచి యింకొకసారి కడుగుమని గద్దించుచుండెను.

"ఇదంతా ఏమిటమ్మా?" అని రాజుగా రడిగిరి.

"నీకు తెలియంది నీకక్కర్లేదుగా నాయనా. అవతలికి పో" అని తల్లి తలుపు మూసెను.

ఆఁడుపిల్ల పుట్టినది. జ్వరము రాలేదు. తెల్లవాఱి బాలింత మొగమునఁ జిఱునవ్వు చూచి రాజుగారు స్తంభము నానుకొని చిన్నపిల్లవానివలె నేడ్చిరి.

పురుడు కడిగిననాఁడు వారు పల్లకి నెక్కక కాలినడకనే బడికి వచ్చి తాళపుచెవిని మంగతాయారు బల్లపైఁ బెట్టిరి. ఆమె కృతజ్ఞతలు చెప్పలేదు. తనదైనదానిని దిరిగి పుచ్చుకొన్నప్పుడు కృతజ్ఞత లేల? భాండాగారము తలుపు తెఱచి కిటికీరెక్కలు త్రోసి గుమ్మమున నిలిచిన రాజుగారి వైపుఁ దిరిగి యెప్పటి ప్రశ్ననే యడిగెను.

"తమకు తెలియనిదేమిటండి?"

రాజుగారు గుమ్మము దాఁటి లోపలికి వచ్చిరి. "చాలా ఉందమ్మా. ముందు ఆ ఎర్రనీళ్ళ పుస్తకమియ్యి. పోలయ్యకి తెలిసింది నాకు తెలియకపోతే బాగుండదు."

"అది ముందు పోలయ్యకిస్తానని మాటిచ్చానండి. తమ వంతు ఆ తరవాతండి."

పుస్తకమునకుఁ గుంకుమ పెట్టుట యెవ్వనికైన సులభమే. దాని ముందు తనకుఁ దెలియదని యొప్పుకొని వంతునకై కూర్చుండుట మాత్రము మహారాజులకును దుస్తరము. మంగతాయారు పోలయ్యకుఁ గబురంపెను. అతఁడు రేవునుండి తడికాళ్ళతో వచ్చునంతవఱకు నీలాద్రిరాజుగారు తమ తండ్రిగారి భాండాగారమునఁ దొలిసారిగా బల్లమీఁదఁ గూర్చుండి చేతికందిన యెఱ్ఱయట్ట పుస్తకమును మెల్లఁగా విప్పిరి.