తోక ముక్కలు

మా ఇంట్లో శుక్రవారం అంటే కాడ్ చేప, బుంగమిరపకాయలు. పదకొండేళ్లుగా ఇదే. మిగతా రోజుల సంగతి ఎలా ఉన్నా శుక్రవారం ఏం వండాలన్న బెంగ నాకు లేదు. చేప మా ఆయన పనిచేసే చోటు నుంచి వస్తుంది. మిరపకాయలు మా సందు మొదట్లో బండి మీద దొరుకుతాయి. కాస్త మెత్తబడినవీ మచ్చలు పడ్డవీ బండి అతను నాకోసం తీసి పక్కన పెడతాడు. ఉడికి గుజ్జయ్యేదానికి నిగనిగలు దేనికి?

చేపదీ అదే కథ. మా ఆయన చేపల ఫ్యాక్టరీలో కోత బల్ల దగ్గర నిలబడతారు. అక్కడ డబ్బాల్లోకి ఎక్కేది నడిమి ముక్క, మందంగా ఉండేది. తోక వైపు సన్నబడిన ముక్కలు డబ్బాకి పనికిరావు. శుక్రవారం పని దిగేటప్పుడు వాటిని కొత్త నీలం సంచుల్లో వేసి పనివాళ్లకు తలా ఒకటి ఇస్తారు. తోక ముక్కకున్న ఒకే ఒక్క సుగుణం ఏమిటంటే అందులో ముల్లుండదు. అందుకే నా వంట కూడా తోకల కోసమే పుట్టింది. ఉల్లిపాయ, వెల్లుల్లి నూనెలో మగ్గాక, ఎర్రవీ పసుపువీ మిరపకాయలు పొడుగ్గా చీరి వేసి, మూత పెట్టి, సన్న మంట మీద వదిలెయ్యాలి. అవి వాటి నీళ్లలోనే ఉడికి గుజ్జయ్యాక చివర్లో చేప వెయ్యాలి. తోక ముక్క ఎలాగూ విరుగుతుంది. ఆ గుజ్జులో కలిసిపోతే విరిగిందని ఎవరికీ తెలియదు.

ఆ శుక్రవారం ఇంటికి వచ్చేసరికి నా నడుము నా మాట వినడం మానేసింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట నా ఉద్యోగం. ఇద్దరం చెరో కొస పట్టుకుని ఉతికిన దుప్పట్లను వేడి రోలర్ల కిందికి పంపాలి. మా సూపర్‌వైజర్‌కి మేం పెట్టుకున్న పేరు గడియారం. ఆయన వచ్చి పక్కన నిలబడితే చాలు, చేతులు వాటంతట అవే పరుగెడతాయి. పోయిన రెండు శుక్రవారాలూ నాకు రెండో షిఫ్టు పడింది. వంట మా అత్తయ్యే చేసింది. నేను వచ్చి చల్లారిన కూర నిలబడే తిని పడుకున్నాను. ఏం తిన్నానో చెప్పమంటే చెప్పలేను.

ఆయన వచ్చి నీలం సంచి వంటింటి తొట్టిలో పెట్టి నేరుగా స్నానానికి వెళ్లిపోయారు. ఒకప్పుడు అక్కడే నిలబడి, కోత బల్ల దగ్గర ఆ రోజు ఎవరు ఎవర్ని ఏమన్నారో చెప్పి నవ్వించేవారు. ఈమధ్య కంచం ముందే కునుకు తీస్తున్నారు. అలసట మా ఇంటికి కొత్త చుట్టమేం కాదు కదా అని నేనూ పట్టించుకోలేదు.

సంచి విప్పాను. ముందు తగిలింది సబ్బు వాసన. చేపల సంచిలో సబ్బు వాసన ఏమిటని లోపలికి చూస్తే నాలుగు ముక్కలున్నాయి. నాలుగూ నడిమి ముక్కలే. ఒక్కొక్కటి నా అరచెయ్యంత వెడల్పు, మూడు వేళ్ల మందం. తెల్లగా, తడిగా, ఒక అంచు కూడా చెదరకుండా ఉన్నాయి. ఇలాంటి ముక్క పనివాళ్లకు ఇవ్వరు. దొంగతనంగా పట్టుకొచ్చే మనిషి కాదు మా ఆయన, దారిలో దొరికిన గొడుగు కూడా తిరిగి ఇచ్చి వచ్చే రకం. ఇది బజారు చేప. సంచి మాత్రం ఫ్యాక్టరీది, పాతది, ఉతికింది.

తొట్టి అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఫ్యాక్టరీ నుంచి చేప రావడం లేదంటే ఆయన ఫ్యాక్టరీకి వెళ్లడం లేదు. రోజూ పొద్దున్నే నేను కట్టిచ్చిన క్యారియర్ పట్టుకుని మరెక్కడికో వెళ్తున్నారు. ఉద్యోగం పోయిందన్నది నాకు రెండో ఆలోచన. మొదటిది, నాకు చెప్పలేదని. ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్లు ఒక్క కంచంలో తిన్నంత దగ్గరగా బతికి, ఒక సంచి ఉతికి నన్ను మభ్యపెట్టాలనుకున్నారా? స్నానాల గది తలుపు దబదబా కొట్టి అడిగేద్దామనుకున్నాను. కానీ నేను అడిగితే అది దొంగను పట్టుకున్నట్టు ఉంటుంది. ఆయనంతట ఆయన నోరు విప్పాలి. నాకు కావలసింది అదొక్కటే.

పైగా ముందు గదిలో అత్తయ్య ఉంది.

అత్తయ్య ముప్పై ఏళ్లు అదే ఫ్యాక్టరీలో, అదే బల్ల దగ్గర చేపలు కోసింది. అక్కడ ఆవిణ్ణి కత్తమ్మ అనేవారట. మోకాళ్లు పోయి పని మానేసే రోజున మేనేజరు ముందు నిలబడి, నా చోటు నా కొడుక్కి ఇవ్వమని అడిగి ఇప్పించింది. అప్పటి రబ్బరు ఏప్రన్ ఇప్పటికీ మా వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉంటుంది. నెలకోసారి దానికి పౌడరు అద్ది మళ్లీ తగిలిస్తుంది, ఎవర్నీ ముట్టుకోనివ్వదు. ఆ చోటు పోయిందని ఆవిడకి ఇలా, ఒక చేప ముక్క చేతికి తగిలి తెలియకూడదు.

ఇప్పుడు ఆవిడ కళ్లకు పొర కమ్మింది. మనిషి ఆకారం తెలుస్తుంది గాని మొహం తెలియదు. మిరపకాయలు మాత్రం చేతి లెక్కతోనే కోస్తుంది, నాకన్నా సన్నగా. కోసిన పళ్లెం పట్టుకుని గోడ తడుముకుంటూ వంటింట్లోకి వచ్చింది. నేను గబుక్కున చేప మీద మూత బోర్లించాను.

ఈసారి ముక్కలు ఎలా ఉన్నాయని అడిగింది.

“ఎప్పటిలాగే అత్తయ్యా, తోకలు. విరిగి ఉన్నాయి కూడా.”

ఆవిడ ఒక్క క్షణం ఆగి, “సరే అయితే,” అని వెళ్లిపోయింది. అంత తేలిగ్గా అబద్ధం చెప్పగలనని నాకు అప్పటిదాకా తెలియదు. పోయిన రెండు శుక్రవారాలూ ఆ చేప కడిగి వండింది ఆవిడ చేతులేనన్న సంగతి తట్టలేదు. అలిసిన బుర్రకి అంత దూరం నడిచే ఓపిక ఏదీ?

మిరపకాయలు మెత్తబడ్డాయి. ఇంకెప్పుడైనా అయితే ఇలాంటి ముక్కల్ని గుజ్జు మీద పక్కపక్కన పడుకోబెట్టి, మూత పెట్టి, కదపకుండా వండేదాన్ని. పెళ్లయిన కొత్తలో ఎవరి ఇంట్లోనో విందులో అలా వండింది ఒకసారి తిన్నాను. ఇన్నాళ్లకు అలాంటి చేప నా వంటింటికి వచ్చింది, నేను దాన్ని పాడుచెయ్యాలి. అట్లకాడతో పొడిచాను. మంచి చేప అంత సులువుగా విరగదు. వేళ్లతో తుంచాను, చిన్న ముక్కలు చేశాను, ఇంకా చిన్నవి చేశాను, తోకలంత సన్నగా అయ్యేదాకా. ఉప్పు వెయ్యబోయి ఆగాను, ఎందుకంటే కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఉల్లిపాయ మీద నెడదామంటే అది ఎప్పుడో మగ్గిపోయింది.

ముగ్గురం తినడానికి కూర్చున్నాం. నేను అన్నం పెట్టి పైన కూర వేశాను. ఆయన కంచంలోకి చూసుకున్నారు. తను తెచ్చిన నాలుగు ముక్కలు పొడి పొడిగా గుజ్జులో కలిసి ఉన్నాయి. ఆయన చెయ్యి ఆగింది. తలెత్తి నా వైపు చూశారు. నేను గరిటె వైపు చూశాను. తెలిసిపోయిందని ఆయనకి తెలిసింది. ఇప్పుడైనా ఒక్క మాట అంటారేమోనని చూశాను. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు, అంతే.

అత్తయ్య నెమ్మదిగా తింటోంది. నాలుగో ముద్దకి నమలడం ఆపింది. నోట్లోంచి రెండు వేళ్లతో ఏదో తీసి, తుడిచి, కంచం అంచు మీద పెట్టింది.

ముల్లు. సన్నటిది, వేలి కణుపంత ఉంది. చేపనంతా చీలికలు చేశాను గాని, నడిమి ముక్కకు ముల్లుంటుందని మర్చిపోయాను. ఫ్యాక్టరీలో అయితే పట్టకారుతో ఏరేస్తారు. బజారులో ఎవరు ఏరతారు? పదకొండేళ్లలో మా ఇంట్లో శుక్రవారం కూరలో నాకు కనిపించిన మొదటి ముల్లు అది.

అత్తయ్య దాన్ని వేలితో కొంచెం సరిచేసి, కొడుకు కూర్చున్న వైపు తిరిగింది.

“భుజం ఎలా ఉందిరా?”

ఏ భుజం అన్నారాయన.

“కుడిది. ఆ బల్ల దగ్గర ముప్పై ఏళ్లు నిలబడ్డదాన్ని. అక్కడ తడిసేది పొట్ట దగ్గర చొక్కా. నీ చొక్కాలు మూడు వారాలుగా కుడి భుజం దగ్గర తడిసి వస్తున్నాయి. ఉతికేది నేను కాదూ? ఐసు పెట్టెలు మోస్తున్నావు.”

అప్పుడు చెప్పారాయన, అన్నం వైపు చూస్తూ. కొత్త మిషన్ వచ్చిందట. కోత బల్ల దగ్గరి వాళ్లందర్నీ ఒకే రోజు ఇళ్లకు పంపేశారట. మర్నాటి నుంచి చేపల మార్కెట్‌లో పెట్టెలు మోస్తున్నారు. శుక్రవారం ఇంటికి చేప పట్టుకెళ్లకపోతే మాకు తెలిసిపోతుందని, మొదటి వారం దుకాణం అతన్ని తోక ముక్కలు ఇమ్మని అడిగారట. అతను నవ్వి, తోకలు పిల్లులకు వేస్తాం, ఇంత కష్టపడే మనిషివి మంచి ముక్క పట్టుకుపో అన్నాడట.

“నీ చోటు నిలబెట్టలేకపోయానమ్మా.”

అత్తయ్య గ్లాసు కోసం తడుముకుంటే నేను అందించాను. రెండు గుక్కలు తాగి కింద పెట్టింది.

“ఆ చోటు నీకు ఇప్పించిన రోజున ఇంటికొచ్చి ఏడ్చాను. నా మోకాళ్లు అక్కడే పోయాయి, నీవి కూడా అక్కడే పోవాలని నేనే అడిగి వచ్చినట్టయింది. ఆ చోటు పోతే పోయింది. నువ్వు నాకు చెప్పలేదు, దానికి బాధపడ్డాను.” నా వైపు తిరిగింది. “నీకు తెలియకూడదని, వాడు దాచుకున్న ఆ సంచి నేనే ఉతికి ఆరేసి మళ్లీ అక్కడే పెట్టానమ్మాయ్. వాళ్లు ఎప్పుడూ కొత్త సంచి ఇస్తారు కదా, పాతది కంపు కొడితే పట్టేస్తావని సబ్బు పెట్టి మరీ ఉతికాను.”

సబ్బు వాసనతోనే పట్టేశానని నేను చెప్పలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నేను ఆవిడ కోసం చేపని తుంచాను, ఆవిడ నాకోసం సంచి ఉతికింది, ఆయన మా ఇద్దరికోసం భుజం ఒరుసుకుపోయేలా పెట్టెలు మోశారు. ముగ్గురం పగలంతా పని చేసి, మళ్లీ ఇంటికొచ్చి ఈ పని కూడా చేస్తున్నామన్నమాట. అలిసిపోమా మరి?

నాకెందుకు చెప్పలేదని అడిగాను. కోపంగా అడగాలనుకున్నాను గాని గొంతులో కోపం మిగల్లేదు.

“నువ్వు వచ్చేసరికి నిలబడే ఓపిక ఉండట్లేదు. అప్పుడు చెప్పాలా?” అన్నారాయన.

ఏం తిన్నానో తెలియకుండా నిలబడి తిన్న మనిషిని నేనే. ఆయన చెప్పబోయి, నా మొహం చూసి ఊరుకున్న సాయంత్రాలు ఎన్ని ఉన్నాయో ఇప్పుడు నాకు తెలియదు. ఆ మాట మాత్రం నాకు గట్టిగా తగిలింది.

“కూర్చోబెట్టి చెప్పండి. నిద్రపోతుంటే లేపి చెప్పండి,” అన్నాను. ఆయన తల ఊపారు. తర్వాత చాలాసేపు కూర తిన్నాం, ముళ్లు తీసి అంచున పెట్టుకుంటూ. మంచి చేప, విరిగినా మంచి చేపే.

“వచ్చే వారం తుంచకు అమ్మాయ్,” అంది అత్తయ్య.

కంచాలు తీస్తుంటే ఆవిడ లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. తలుపు వెనక మేకు మీంచి ఏప్రన్ తీసి బల్ల మీద పరిచి, కత్తెర ఇమ్మంది. ఎందుకని అడుగుతూనే ఇచ్చాను. వేళ్లతో మందంగా ఉన్న చోటు వెతుక్కుని, కొడుకుని పిలిచి, జానతో అతని భుజం కొలిచింది. తర్వాత ముప్పై ఏళ్ల ఏప్రన్‌ని మధ్యలోంచి నిలువునా కత్తిరించింది. ఆయన వద్దమ్మా అని చెయ్యి పట్టుకోబోతే, కదలకు, కొలత తప్పుతుంది అంది.

ఆ ముక్కని రెండు మడతలు వేసి నా చేతిలో పెట్టి, లోపల పాత తువ్వాలు పెట్టి అంచు గట్టిగా కుట్టమంది. నా నడుము విరిగిపోతోంది. దబ్బనం తెచ్చుకుని, దీపం కింద కూర్చుని, కుట్టాను. పొద్దున ఆయన దాన్ని చొక్కా లోపల భుజం మీద సర్దుకుని, క్యారియర్ అందుకుని, గడపలో ఆగారు.

“మార్కెట్‌కి వెళ్లొస్తాను,” అన్నారు.