మంచం కింది చాప

వార్డుబాయ్ సారయ్య అప్పటికే మూడు మంచాల దగ్గర పని ముగించాడు. బెల్లంపల్లి నుంచి వచ్చిన పాత గని కార్మికుడికి బైబిల్లోంచి కీర్తన చదివాడు. చదివింది ఏడో తరగతి గనక అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. కరీముద్దీన్ సాబు పెదవులు మక్కా నుంచి తెచ్చిన జంజం నీళ్లతో తడిపాడు. ఒక ముసలాయన నుదుట విభూతి రాశాడు. ఆ సీసాలూ పుస్తకమూ కిటికీ గట్టు మీద వరసగా ఉంటాయి.

కరీంనగర్ ఆసుపత్రిలోని ఈ వార్డుకు నయమవడానికి ఎవరూ రారు. పోయేవాళ్లకు వాళ్ల దేవుణ్ణి అందించడం పదకొండేళ్లుగా సారయ్య పని. తనకు మాత్రం ఏ దేవుడూ లేడు. ఊళ్లో భార్య అనసూర్య పోయిన పూట అతడు ఇక్కడ ఎవరి నోట్లోనో తులసినీళ్లు పోస్తున్నాడు.

నాలుగో మంచం మీద మడావి సోంబాయి. ఆసిఫాబాద్ అవతలి గోండు గూడెం ఆమెది. గోండి తప్ప మరో మాట రాదు. ఇంటికి వెళ్లి వస్తానన్న కొడుకు బస్సులో ఉన్నాడో అడవిలో ఉన్నాడో, ఫోను కలవడం లేదు. పొద్దుటి నుంచి ఆమె ఒకటే మాట అంటోంది. ఎముకలు తేలిన చెయ్యి మంచం అంచు దాటి కిందికి చూపుతోంది.

తులసినీళ్లు ఇస్తే మూతి తిప్పుకుంది. పసుపు కుంకుమ చూపిస్తే కళ్లు మూసుకుంది. మంచం కింద చెయ్యి పెట్టి బెడ్‌పాన్ తీసి చూపించాడు. ఆమె చూసిన చూపుకు తల దించుకున్నాడు.

"సారన్నా, నీ కిటికీల ఇంకే దేవుడన్న మిగిలిండా?" అంది నర్సు వినోద. అతడు నవ్వలేదు.

సోంబాయి పక్కకు దొర్లబోయింది. పడిపోతుందని ఇద్దరూ కలిసి మంచానికి రెండు వైపులా కమ్మీలు లేపి గడియ పెట్టారు. ఆ ఇనుము మీద ఆమె వేళ్లు కాసేపు తడుములాడాయి. పదకొండు గంటలు కాకముందే ఆగిపోయాయి.

కొడుకు జంగు మధ్యాహ్నం వచ్చాడు. ఏడవలేదు. తల్లి చివరికి ఏమడిగిందన్నాడు. పొద్దుటి నుంచి విని విని నోటికొచ్చేసిన ఆ మాటను సారయ్య అర్థం తెలియకుండానే అప్పజెప్పాడు. చెయ్యి ఎటు చూపిందో కూడా చూపాడు.

"కింద పండబెట్టమన్నది, కాకా. మంచం మీద పాణం పోవద్దు మాకు."

సారయ్య కమ్మీ పట్టుకున్నాడు.

"మా ఊర్లె గూడ గంతే," అన్నాడు. "నా పెండ్లాన్ని గూడ గట్లనే దించిన్రట."

ఇద్దరూ శవాన్ని బండి దాకా మోశారు. తిరిగి వచ్చి సారయ్య దుప్పటి లాగాడు, కమ్మీలు దించాడు. బెడ్‌పాన్‌ను మంచం కిందికి తోస్తే ఏదో అడ్డం తగిలింది. వంగి చూశాడు. సోంబాయి ఇంటి నుంచి తెచ్చుకున్న ఈతచాప, గోడ వారన చుట్టినది చుట్టినట్టే, నారతో వేసిన ముడి విప్పకుండానే ఉంది.